జావ మానాలా, జావలో వేసేవి మానాలా?

కూకట్‌పల్లి నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన విషయాలు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె మామయ్యకు 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నారు. రెండు నెలల కిందట చేయించిన పరీక్షల్లో క్రియాటినిన్ 2.1, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడగడుతున్నాయో చెప్పే అంకె) 34, పొటాషియం 5.4, ఫాస్ఫరస్ 4.1 వచ్చాయి. హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.8. బరువు 62 కిలోలు. కాళ్ల వాపు లేదు, డయాలసిస్ మాట ఎవరూ ఎత్తలేదు.

నాలుగేళ్లుగా ఆయనకు పొద్దున్నే పెద్ద స్టీలు గ్లాసు నిండా జావ అలవాటు. తైదలు (రాగులు), జొన్నలు, సజ్జలు, కొర్రలు, గోధుమలు, పెసలు, శనగలు, సోయా అన్నీ దోరగా వేయించి గిర్నీలో పట్టించిన పిండితో అత్తమ్మే కాస్తారు. అందులో పాలు, బెల్లం, నాలుగు ఖర్జూరాలు, గుప్పెడు బాదంపప్పుల పొడి. కిడ్నీ డాక్టర్ దగ్గర డైటీషియన్ ఇచ్చిన కాగితంలో రాగి, జొన్న, సజ్జ, ఓట్స్, దంపుడు బియ్యం అన్నిటికీ అడ్డంగా గీత కొట్టి, తెల్లన్నం, బొంబాయి రవ్వ ఉప్మా తినమన్నారు. షుగర్ డాక్టర్ ఏడాది కిందట ఇచ్చిన కాగితంలో తెల్లన్నం తగ్గించి జొన్న రొట్టె, ఓట్స్ తినమని ఉంది. ఇప్పుడు రెండు కాగితాలూ ఫ్రిజ్ మీద పక్కపక్కనే ఉన్నాయట.

ఒక రాత్రి అందరూ అన్నాలు తింటున్నప్పుడు ఈమె, "ఇక జావ ఇవ్వొద్దంట అత్తమ్మా" అంది. "అంటే నా చేతి జావ తాగే ఆయన కిడ్నీలు పోయినయంటవా?" అని అత్తమ్మ లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి పొద్దున పూట వంటింట్లోకి రావడం లేదు. భర్తను అడిగితే "నీకు తెలుసు కదా, నువ్వే చూసుకో" అంటాడు. మామయ్య పెట్టిన ఉప్మా నోరెత్తకుండా తింటారు. తీరా చూస్తే వాకింగ్‌కు వెళ్లిన పార్కు దగ్గర బండి మీద జావ తాగుతున్నారని వాచ్‌మన్ చెప్పాడు. ఉప్మా మొదలుపెట్టాక తిన్న తర్వాతి షుగర్ పెరిగింది, మలబద్ధకం కూడా వచ్చింది.

ఆమె అడుగుతున్నది ఇదీ: జావ నిజంగా కిడ్నీలకు విషమా? ఓట్స్ పెట్టొచ్చా? ఏ డాక్టర్ మాట వినాలి? అత్తమ్మతో మళ్లీ ఎలా మాట్లాడాలి? "మంచికి చెప్పబోతే ఇంట్లో నేనే చెడ్డదాన్నయ్యాను, పొద్దునైతే చాలు టెన్షన్" అని ముగించారు.

సమాధానం:

జావ విషం కాదండీ. మీ అత్తమ్మ జావ వల్ల మామయ్య కిడ్నీలు పాడవలేదు. పన్నెండేళ్ల షుగర్, దానికి తోడు బీపీ ఉన్నవాళ్లలో కిడ్నీలు దెబ్బతినడం మామూలుగా జరిగేదే. మన దగ్గర దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం షుగరే. అయితే కిడ్నీ ఈ స్థితికి వచ్చాక ఆ గ్లాసు అలాగే కొనసాగించడం మాత్రం మంచిది కాదు. కారణం ఒకటి, ఇప్పుడు మార్చుకోవాల్సింది ఇంకొకటి. మీ ఇంట్లో ఆ రెండూ ఒకే మాటలో కలిసిపోయి అత్తమ్మ చెవిన పడ్డాయి.

ముందు రిపోర్టు చూద్దాం, ఎందుకంటే గింజల సంగతి తేల్చాల్సింది అదే. ఈజీఎఫ్ఆర్ 30 నుంచి 44 మధ్య ఉంటే కిడ్నీ జబ్బు మూడో దశలో రెండో భాగం అంటారు. మామయ్యది 34. ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5 లోపు ఉండాలి, ఆయనకు 4.1, అంటే ఇప్పటికి హద్దులోనే ఉంది. పొటాషియం 5 దాటకూడదు, చాలా ల్యాబులు 5.1 దాకా సరే అంటాయి. ఆయనకు 5.4. అంటే ఈ రోజుకు మీ ముందున్న సమస్య పొటాషియం. ఆస్పత్రుల్లో ఇచ్చే అచ్చు కాగితం మూడో దశవాళ్ల నుంచి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల దాకా అందరినీ దృష్టిలో పెట్టుకుని తయారు చేసినది. అందులో ఫాస్ఫరస్ కోసం కొట్టేసినవి, పొటాషియం కోసం కొట్టేసినవి అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఏది మీ మామయ్యకు వర్తిస్తుందో ఆ కాగితానికి తెలియదు. డైటీషియన్‌కు తెలుస్తుంది, కానీ ఓపీలో పది నిమిషాల్లో అన్నీ విడమరిచి చెప్పే తీరిక ఎవరికి ఉంటుంది?

5.4 మొత్తం తిండి వల్లే వచ్చిందని కూడా అనుకోకండి. టెల్మిసార్టాన్ రకం మందులు పొటాషియంను కొంచెం పెంచుతాయి. రక్తం తీసేటప్పుడు శాంపిల్ దెబ్బతిని కణాలు చిట్లినా అంకె ఎక్కువ చూపిస్తుంది. షుగర్ అదుపులో లేకపోవడం కూడా ఒక కారణమే. అలాగని ఆ మాత్ర మీరే ఆపకండి, అది బీపీతో పాటు కిడ్నీని కూడా కాపాడుతున్న మందు. డాక్టర్ మోతాదు మారుస్తారా, వేరే మందు కలుపుతారా అన్నది ఆయన చూసుకుంటారు. మీరు ఈ ప్రశ్న అడిగితే చాలు.

ఇప్పుడు ఆ స్టీలు గ్లాసు సంగతి. మీరు రాసిన కొలతలు పట్టుకుని లెక్క వేశాను. పిండి 40 గ్రాములు, పాలు పావు లీటరు అనుకుందాం. పిండిలో పావు వంతు పప్పులున్నా పిండి నుంచి వచ్చే పొటాషియం సుమారు 200 మిల్లీగ్రాములు. పాల నుంచి 300. నాలుగు ఖర్జూరాల నుంచి 200. గుప్పెడు బాదం నుంచి 100. బెల్లం వదిలేసినా మొత్తం 800 దగ్గరికి వస్తుంది. పొటాషియం తగ్గించాల్సినవాళ్లకు సాధారణంగా రోజంతా కలిపి 2000 నుంచి 3000 మిల్లీగ్రాముల మధ్య పరిమితి పెడతారు. సూర్యుడు పూర్తిగా పైకి రాకముందే అందులో పెద్ద వాటా ఆ ఒక్క గ్లాసులో అయిపోతోంది. ఫాస్ఫరస్ కూడా 400 దాటుతుంది, అందులో సగానికి పైగా పాలదే. ప్రొటీన్ 16, 17 గ్రాములు. 62 కిలోల మనిషికి కిలోకు 0.8 గ్రాముల లెక్కన రోజుకు 50 గ్రాములు చాలు, మూడో వంతు అందులోనే పోయింది.

అదే 25 గ్రాముల రాగి పిండిని, అంటే రెండు పెద్ద చెంచాలకు కాస్త పైన, నీళ్లలో కాస్తే? పొటాషియం 110, ఫాస్ఫరస్ 50 చుట్టుపక్కల. ఎనిమిది వందలకూ నూట పదికీ మధ్య తేడా రాగులు తేలేదు. వాటి చుట్టూ చేరిన పాలు, ఖర్జూరాలు, బాదం, పప్పులు తెచ్చాయి. రక్తం పట్టాలని ఖర్జూరం, బలానికి బాదం, ప్రొటీన్‌కి సోయా అని ఒక్కొక్కటీ ఎవరో ఒకరు చెప్పగా చేరినవే అయి ఉంటాయి. కిడ్నీ బాగున్న మనిషికి అది మంచి గ్లాసే.

గింజల మధ్య తేడా కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఆ కాగితం మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది ఇక్కడే. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పొటాషియం సుమారు 440 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 210. జొన్నల్లో 330, 270. పాలిష్ బియ్యంలో 110, 95. వంద గ్రాములకు చూస్తే రాగి బియ్యానికి నాలుగింతలు, ఎవరికైనా భయం వేస్తుంది. కానీ ఎవరూ వంద గ్రాముల పిండితో జావ తాగరు. 40 గ్రాముల పిండితో ఒక జొన్న రొట్టె చేస్తే పొటాషియం 130. 75 గ్రాముల బియ్యం వండితే 80. మధ్యలో తేడా 50. ఒక అరటిపండు తింటే 350 పైనే. ఒక కొబ్బరి బోండాం నీళ్లు తాగితే 500 దగ్గర పడుతుంది. ఇంట్లో రొట్టె మాన్పించి, "వేడి చేసింది, బోండాం తాగండి" అనేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఫాస్ఫరస్ విషయంలో ఇంకో సంగతి ఉంది. గింజల్లో ఉండే ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ మన పేగుల్లో దాదాపు లేదు, కాబట్టి అందులో సగం కూడా ఒంటికి పట్టదు. పాలు, మాంసంలోది అంతకన్నా ఎక్కువ పడుతుంది. ప్యాకెట్ ఆహారాల్లో కలిపే ఫాస్ఫేట్ రసాయనాలైతే దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి. పాత డైట్ కాగితాల్లో ఈ తేడా ఉండేది కాదు. 2020లో అమెరికా కిడ్నీ ఫౌండేషన్ సవరించిన పోషకాహార మార్గదర్శకాలు ఫాస్ఫరస్ ఎంత అని మాత్రమే కాక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడమన్నాయి. మొలకెత్తించిన రాగి పిండి వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మొలకెత్తితే ఆ ఫైటేట్ కొంత విడిపోతుంది, కాబట్టి ఖనిజాలు బాగా పడతాయి. చిన్నపిల్లలకు అది లాభం. ఫాస్ఫరస్ పెరిగిన కిడ్నీ రోగికి మామూలు పిండే నయం.

ఓట్స్ గురించి అడిగారు. 30 గ్రాముల ఓట్స్‌లో పొటాషియం 110, ఫాస్ఫరస్ 125 వరకు ఉంటాయి. నీళ్లలో ఉడికించి వారంలో రెండు మూడు రోజులు తింటే మీ మామయ్య రిపోర్టుకు ఇబ్బంది లేదనే నా అభిప్రాయం. అందులోని కరిగే పీచు షుగర్‌కూ కొలెస్ట్రాల్‌కూ మంచిది. మసాలా ఓట్స్ ప్యాకెట్లు మాత్రం ఇంటికి తేకండి, వాటిలో ఉప్పు ఎక్కువ. ఏ ప్యాకెట్ కొన్నా వెనక చిన్న అక్షరాల్లో ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే నంబర్లు) 338 నుంచి 341 వరకు, 450 నుంచి 452 వరకు అంకెలు ఉన్నాయేమో చూడండి. అవి ఫాస్ఫేట్లు. బొంబాయి రవ్వ, అటుకులు, బియ్యం రవ్వ ఉప్పిండి పొటాషియం తక్కువ ఉన్నవే, కానీ షుగర్ పెంచుతాయి. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. సగ్గుబియ్యం జావలో పొటాషియం లేనట్టే, షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం పనికిరాదు. ఇడ్లీ మంచిదే, దాని పక్కన గిన్నెడు సాంబారు, పల్లీ చట్నీ చేరితే లెక్క మారుతుంది. పల్లీలు గుప్పెడు అయినా పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ బరువే. మన హైదరాబాద్ టిఫిన్ సెంటర్లలో చట్నీ అంటే పల్లీదే కాబట్టి బయట తిన్నప్పుడు ఇది మరీ గుర్తుండాలి.

ఇక మీరు ఏం చేయొచ్చో చూద్దాం. దారులు మూడు కనిపిస్తున్నాయి.

ఒకటి, కాగితంలో ఉన్నట్టు వచ్చే రక్తపరీక్ష దాకా చిరుధాన్యాలన్నీ ఆపేయడం. పొటాషియం 5.5 దాటినా, ఇంకా పైకి పోతున్నా డాక్టర్ ఇదే అడుగుతారు, అప్పుడు వాదించొద్దు. కొన్ని వారాలు అన్నీ ఆపి మళ్లీ ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే ఏది పెంచుతోందో కూడా తెలుస్తుంది. కానీ దీని ఖర్చు ఇప్పటికే మీ ఇంట్లో కనిపిస్తోంది. షుగర్ పెరిగింది. పీచు తగ్గి మలబద్ధకం వచ్చింది. కిడ్నీ బలహీనపడ్డాక పొటాషియంలో కొంత భాగం మలం ద్వారా బయటికి పోతుంది, ఆ దారి మూసుకుంటే పొటాషియం తగ్గించడానికి పెట్టిన ఉప్మాయే దాన్ని నిలబెట్టే పని చేస్తుంది. పైగా ఆయన బండి దగ్గరికి వెళ్తున్నారు.

రెండోది, జావ ఉంచి, లోపల ఉన్నవి తీసేయడం. ఒకే గింజ, రాగి గానీ జొన్న గానీ. రెండు పెద్ద చెంచాల పిండి, నీళ్లు. చల్లారాక కావాలంటే పలచటి మజ్జిగ అర కప్పు. పాలు, ఖర్జూరం, బాదం, బెల్లం, ఉప్పు వద్దు. రుచికి చిటికెడు జీలకర్ర పొడి, కాస్త కరివేపాకు. ఆయనకు వాపు లేదు, నీళ్లకు పరిమితి పెట్టలేదు కాబట్టి జావ పలచగా ఉన్నా ఫర్వాలేదు. ఎప్పుడైనా నీళ్లు కొలిచి తాగమంటే మాత్రం ఈ గ్లాసు కూడా ఆ కొలతలో వేసుకోవాలి. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, మెత్తటి పిండిని జావగా కాస్తే అది రాగి అయినా షుగర్ తొందరగానే పెంచుతుంది. చిరుధాన్యం కదా అని ధైర్యంగా ఉండొద్దు. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి, వాళ్లూ వీళ్లూ చెప్పేదానికన్నా ఆ అంకె నమ్మకం. ఇంకో ఇబ్బంది, నాలుగేళ్లుగా తీపి జావ తాగిన నోటికి ఇది చప్పగా ఉంటుంది, మొదట్లో వద్దంటారు.

మూడోది, వారంలో టిఫిన్లు మార్చి మార్చి తిప్పడం. రెండు రోజులు జావ, రెండు రోజులు కూరగాయ ముక్కలు వేసి కొద్దిగా రవ్వ ఉప్మా, ఒకటి రెండు రోజులు ఇడ్లీ, ఒకరోజు జొన్న రొట్టెతో బీరకాయో సొరకాయో. నమిలి తినే రొట్టెతో షుగర్ జావ కన్నా నెమ్మదిగా పెరుగుతుంది. ఏ ఒక్క గింజా మితిమీరదు, ఏదీ నిషేధం కాదు. దీనికి వంట చేసేవాళ్ల చేత్తో పని ఎక్కువ, కొలత తప్పే అవకాశమూ ఎక్కువ. అత్తమ్మ చేయి కలిస్తేనే ఇది నడుస్తుంది.

మీ ఉత్తరం చదివాక నా మొగ్గు మూడోదాని వైపే. జావ రోజుల్లో రెండో దారిలో చెప్పిన కొలత పాటిస్తే సరిపోతుంది. కానీ పొటాషియం మళ్లీ చూపించుకోకుండా మొదలుపెట్టొద్దు. రెండు నెలల కిందటి అంకె అది, ఇప్పుడు ఎక్కడుందో మనకు తెలియదు. ముందు పరీక్ష, తర్వాత డైటీషియన్, ఆ తర్వాత గ్లాసు.

ఏ డాక్టర్ మాట వినాలన్నారు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఒకరు షుగర్ చూసి రాశారు, అప్పటికి కిడ్నీ రిపోర్టు లేదు. ఇంకొకరు కిడ్నీ చూసి రాశారు, షుగర్ కాగితం వాళ్ల ముందు లేదు. రెండు కాగితాలూ తీసుకెళ్లి కిడ్నీ డాక్టర్ ముందు పెట్టి, "ఇవి రెండూ ఒకటి చేసి ఇవ్వండి" అనండి. ప్రైవేటులో డైటీషియన్‌కు వేరే ఫీజు ఉంటుంది, అయినా ఒకసారి పెట్టుకోదగ్గ ఖర్చే. నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో కూడా నెఫ్రాలజీ (కిడ్నీ) విభాగాలున్నాయి. ఫోన్‌లో ఫొటోలు చూపించడం కన్నా ఆ పిండి ఒక డబ్బాలో పోసి పట్టుకెళ్లడం మేలు. ఏమేం కలిపారో, గ్లాసు ఎంతదో డైటీషియన్‌కు అప్పుడే తెలుస్తుంది.

ఆ డబ్బా ఎవరు పట్టుకెళ్లాలన్నదే అసలు విషయం. అత్తమ్మ తీసుకెళ్లాలి. మీరు వద్దన్నారని కాదు, ఆ పిండిలో ఏముందో ఆమె చెప్పినంత సరిగ్గా ఇంకెవరూ చెప్పలేరు. మీరు తిరిగి ఇంటికొచ్చి చెబితే అది కోడలి మాట. డైటీషియన్ నేరుగా "అమ్మా, దీనివల్ల రాలేదు, కానీ ఇప్పుడు ఇలా కాయండి" అంటే అది ఆమె సొంత పని అవుతుంది. నలుగురి ముందు, అందులోనూ కంచం ముందు చెప్పడం వల్ల ఆమెకు అది నేరారోపణలా వినిపించింది. ఆమె లేచి వెళ్లిపోయిందంటే జావ గురించి కాదని నాకనిపిస్తోంది. జబ్బు పేరు విన్న రోజు నుంచి ఆమెలో ఉన్న భయం అది, ఎవరికీ చెప్పుకోలేదు.

కాబట్టి క్షమాపణతో మొదలుపెట్టకండి, వివరణతోనూ వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, ఏదో పని చేసుకుంటూ, "అత్తమ్మా, మామయ్యకు నా చేతి ఉప్మా ఎక్కడం లేదు. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి మీరూ రండి, జావ ఎట్లా కాయాలో మీరే అడగండి" అని చూడండి. వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఒక మాట అనొచ్చు కూడా. అన్నా సరే, జావ వల్ల కిడ్నీలు పోలేదు అన్న వాక్యం మాత్రం ఏదో ఒక సందర్భంలో మీ నోటి నుంచి ఆమె వినాలి. ఇంకో దారి, ఆమెకు దగ్గరైన ఆడబిడ్డ ఉంటే ఆమెతో చెప్పించడం. అది తేలిక, కాకపోతే "నా మీద చెప్పుకుంది" అనే మాట రావొచ్చు. మీ ఇంటి సంగతి మీకే తెలుసు.

మీ వారి మీద నాకు కొంచెం కోపం వచ్చింది. "నీకు తెలుసు కదా" అనడం నమ్మకంలా వినిపిస్తుంది, నిజానికి అది తప్పుకోవడం. తండ్రి రిపోర్టు కొడుకు చదవాలి. ఆయన సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి వస్తే అత్తమ్మకూ మీకూ మధ్య ఉన్న బరువులో సగం దిగుతుంది. "నాతో రా" అని అడిగితే ఆయనకు మీటింగ్ గుర్తొస్తుంది. "మంగళవారం పది గంటలకు అపాయింట్‌మెంట్, నాన్నను నువ్వు తీసుకెళ్లు, నేను ఆఫీసుకు వెళ్తాను" అనండి.

మామయ్యను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరం మొత్తంలో ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బండి దగ్గర పట్టుకోవడం, వాచ్‌మన్‌ను కాపలా పెట్టడం వద్దు. అరవై ఆరేళ్ల మనిషికి దొంగతనంగా జావ తాగాల్సిన అవసరం రావడం ఆయనకే చిన్నతనంగా ఉంటుంది. మామయ్యనే అడగండి, పొద్దున్నే ఏం తినాలని ఉందని. బండి జావలో ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ ఉంటాయి. అందులో నాకు భయం ఉప్పుతోనే, రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలి, అంటే ఒక చిన్న చెంచా కూడా నిండదు. ఇంట్లో కొలత జావ దొరికితే బండి దానంతట అదే తగ్గుతుంది. వారంలో ఒకరోజు తోటి వాకర్లతో అర గ్లాసు, ఉప్పు లేకుండా తాగినా కొంపలేం మునగవు.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. ఆయన షుగర్‌కు వేసుకునే మాత్ర ఏదో మీరు రాయలేదు. గ్లిమిపిరైడ్ లాంటిదో ఇన్సులినో అయితే, కిడ్నీ బలహీనపడ్డాక అవి ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. అంత పెద్ద గ్లాసు అలవాటైన మనిషికి హఠాత్తుగా చిన్న జావ ఇచ్చి మాత్ర మోతాదు అలాగే ఉంచితే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే పండ్ల రసం ఇవ్వకండి, అందులో పొటాషియం ఉంటుంది. మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి ఇవ్వండి. గ్లాసు మార్చే ముందే షుగర్ డాక్టర్‌కు చెప్పండి.

చుట్టాల సలహాలు ఇప్పటికే మొదలై ఉంటాయి. కిడ్నీ అనగానే మనవాళ్లకు రాళ్లే గుర్తొస్తాయి. ఉలవల రసం, అరటి దవ్వ రసం, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, ఇవన్నీ రాళ్ల కోసం చెప్పుకునేవి. మామయ్యది ఆ జబ్బు కాదు, అరటి దవ్వ రసం ఆయనకు పొటాషియం. "బీపీకి మంచిది" అని ఎవరైనా లో సోడియం ఉప్పు తెస్తే వెనక్కి ఇచ్చేయండి, అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. సైంధవ లవణం కూడా ఉప్పే. ఇక 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక, పైగా చిరుధాన్యాల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉండడంతో, ఈ ఊళ్లో కొర్రలు తింటే కిడ్నీ తిరిగొస్తుందని చెప్పేవాళ్లకు కొదవ లేదు. కొర్రలు మంచి తిండి. మందు కాదు.

పరీక్ష రేపో ఎల్లుండో చేయించండి. పొటాషియం 6 దగ్గరికి వచ్చినా, కాళ్లు చేతులు సత్తువ లేనట్టు అయినా, గుండె దడగా ఉన్నా డైట్ సంగతి పక్కన పెట్టి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 5.4 కన్నా తగ్గి ఉంటే డబ్బా పట్టుకుని డైటీషియన్ దగ్గరికి వెళ్లండి. కొత్త రిపోర్టు, ఆయన మందుల చీటీ పంపితే వారం టిఫిన్ల కొలతలు వేసి ఇస్తాను, వాటిని కూడా ముందు మీ డాక్టర్‌కు చూపించాకే మొదలుపెట్టండి.